రెగ్యులేటర్ పర్వతాలుకు వచ్చిన నీలాపనింద

పర్వతాలు ఒక్కడే మనిషి, పేరు మాత్రం బహువచనం. ఈ సంగతి ముందే చెప్పకపోతే "పర్వతాలు వచ్చాడు, పర్వతాలు టీ తాగాడు" అని చదివి వ్యాకరణం తెలిసినవాళ్లు నొచ్చుకుంటారు. తెలంగాణలో ఇది మామూలు పేరే. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమస్తా ఒకాయన "ఏకవచనం చేసి పర్వతం అని రాసుకుంటాను, సరేనా?" అని అడిగాడట. "మిగిలిన కొండలు ఏం పాపం చేసినయ్ సార్?" అన్నాడట ఈయన.

"మా అవ్వ పిల్లలు లేక కనబడ్డ కొండకల్లా మొక్కుకుంట పోయింది. లాస్టుకు నన్ను ఏ కొండ ఇచ్చిందో ఎర్క లేదు. ఎవరికి కోపం రావొద్దని అందరి పేరు కలిపి పెట్టింది" అని ఆయన స్వయంగా నాకు చెప్పిన చరిత్ర.

నేను ఊరూరూ తిరిగే రకం. ఊళ్లను గుళ్లతోనో గోపురాలతోనో కాక, పడుకున్నచోట తలమీద తిరిగిన ఫ్యాన్లతో గుర్తుపెట్టుకుంటాను. నాగపూర్‌లో ఒక లాడ్జి ఫ్యానుకు రెండే స్థితులు ఉండేవి: సమాధి, ప్రళయం. పూరీలో ఒక సత్రం ఫ్యాను గాలి ఇచ్చేది కాదు, చప్పుడు మాత్రం ఇచ్చేది. ఆ చప్పుడుకే చల్లబడి నిద్రపోయేవాళ్లం. మనసుకు ఉన్న శక్తి గురించి ఎన్నో గ్రంథాలు తిరగేశాను గానీ ఆ ఫ్యాను చెప్పినంత బాగా ఏదీ చెప్పలేదు. ఇక సికింద్రాబాద్ అంటే మారేడ్‌పల్లిలో పర్వతాలు షాపు. షట్టరు తెరిస్తే లోపల ఇద్దరు కూర్చోవచ్చు, ముగ్గురైతే ఒకరు ఊపిరి బయటికి వదలాలి. బోర్డు మీద "పర్వతాలు ఎలక్ట్రికల్స్, ఫ్యాన్ రెగ్యులేటర్ స్పెషలిస్ట్" అని ఉంటుంది. ఆ బోర్డు కింద బల్ల మీద నేను గడిపిన మధ్యాహ్నాలు లెక్కకు రావు.

ఆయన పనల్లా పాతకాలపు రెగ్యులేటర్లతోనే. అరచేతికి నిండుగా వచ్చే నల్ల డబ్బా, పైన గుండ్రటి తిప్పుడు బిళ్ల, దాని చుట్టూ సున్నా నుంచి ఐదు దాకా అంకెలు. లోపల తీగచుట్ట. కాసేపు తిరిగితే వెచ్చబడుతుంది. చలికాలంలో దాని మీద చెయ్యి పెట్టి వెచ్చచేసుకున్నవాళ్లనూ చూశాను. ఎవరైనా "పర్వతాలూ, మా ఫ్యాను కాలిపోయింది" అని కబురు పెడితే, ఆయన వెళ్లి ముందు బిళ్ల తిప్పి చూసేవాడు. పదిసార్లలో మూడుసార్లు ఫ్యానుకు ఏ రోగమూ ఉండదు. ఎవరో సున్నా మీద పెట్టి మరిచిపోయి ఉంటారు. అప్పుడు ఆయన టీ మాత్రమే తాగి వచ్చేసేవాడు. "బిళ్ల తిప్పినందుకు పైసలు తీసుకుంటే, గడియారానికి చావి ఇచ్చినందుకు తీసుకున్నట్టే" అనేవాడు.

ఇదంతా రెండువేల పదకొండు నాటి మాట. అప్పటికి సాఫ్ట్‌వేర్ సొమ్ముతో సికింద్రాబాద్ చుట్టూ అపార్టుమెంట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ ఫ్లాట్లలో స్విచ్ బోర్డు అంటే తెల్లటి అద్దం ముక్క. రెగ్యులేటర్ అందులోనే చిన్న గుండీలాగా ఇమిడిపోయి ఉంటుంది. చెడితే పారేసి కొత్తది కొంటారు. మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాళ్లకు "రిపేరు" అన్న మాటే వింత. పర్వతాలుకు మిగిలిన రాజ్యం ఒక్కటే: యాప్రాల్‌లో ఆనందనిలయం కాలనీ. రిటైరైన ఉద్యోగులు కట్టుకున్న పాత ఇళ్లు, పాత ఫ్యాన్లు, పాత డబ్బా రెగ్యులేటర్లు. ఆ గేటు ఒక్కటి మూసుకుందంటే ఆయన షట్టరు కూడా మూసుకోవలసిందే. ఏప్రిల్ నెలలో అంతపనీ అయ్యేట్టే ఉండింది.

కాలనీలో శారదమ్మ అనే ఆవిడ కూతురు సుకన్య శాస్త్రవేత్త. ఊళ్లోని ఒక పరిశోధన సంస్థలో క్యాన్సర్ మీద పని చేస్తుంది. కాలనీ సంఘం కార్యదర్శి దేముడుబాబు గారు ఆమెను పట్టుకుని, "అమ్మా, ఆదివారం మన హాల్లో ఒక మాట చెప్పీ, జనానికి తెలుస్తాది" అన్నాడు. ఆమె సరేనని, ఉపన్యాసం పేరు కాగితం మీద రాసిచ్చి బెంగుళూరులో సదస్సుకు వెళ్లిపోయింది. ఆదివారం పొద్దున్నే దిగుతానంది. కాగితం మీద రాసింది ఇది: "మానవ క్యాన్సర్లలో ఎపిజెనెటిక్ రెగ్యులేటర్ జీన్స్ పాత్ర".

దేముడుబాబు గారిది విజయనగరం వైపు. నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్లు సూపరింటెండెంటుగా చేసి, పైనుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ సగానికి కుదించి పేరు తెచ్చుకున్నాడు. ఆ చెయ్యి రిటైరైనా ఊరుకుంటుందా? ప్రెస్సులో కూర్చుని ఎర్రపెన్ను తీశాడు.

"మానవ అని వేరే ఎందుకు? మన కాలనీలో ఉన్నోళ్లంతా మానవులే కదా" అని ఒక మాట కొట్టేశాడు. "ఎపి... ఎపిజె... ఇదేటి, నోరే తిరగట్లేదు" అని రెండోది కొట్టేశాడు. "జీన్స్ అని ఏస్తే కుర్రోళ్ల పేంట్ల మీద లెక్చరు అనుకుంటారు. ఒద్దు" అని మూడోది కూడా కొట్టేశాడు. రెగ్యులేటర్ అన్న మాట దగ్గర మాత్రం ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. ఆయన దృష్టిలో రెగ్యులేటర్ అంటే కాలువ మీద నీటిని అదుపుచేసే తలుపులు. గౌరవనీయమైన వస్తువు.

తేలిందేమిటంటే, "క్యాన్సర్లలో రెగ్యులేటర్ పాత్ర".

మాటలు తగ్గేసరికి కాగితం అడుగున జాగా మిగిలింది. ఖాళీగా పోనివ్వడం ఆయనకు ఇష్టం లేదు. హాల్లో ఫ్యాన్లను ఇన్నేళ్లుగా ఊరికే చూసిపెడుతున్న పర్వతాలు గుర్తొచ్చాడు. పాపం, ఉచితంగా ఒక ప్రకటన వేద్దాం అనుకుని, తనే వాక్యం అల్లి కింద వేయించాడు: "అన్ని రకాల రెగ్యులేటర్లకు సంప్రదించండి: పర్వతాలు, మారేడ్‌పల్లి. ఇంటికే వచ్చి బిగించబడును."

గురువారం పొద్దున దినపత్రికల మధ్యలో పెట్టి ఆ కరపత్రం ఇంటింటికీ వెళ్లింది.

పదకొండు గంటలకు నేను షాపులోనే ఉన్నాను. సెల్‌ఫోన్ మోగింది. పర్వతాలు చేతుల్లో పని ఉంది కాబట్టి స్పీకర్ మీద పెట్టాడు. కాలనీలో మూడో లైన్లో ఉండే అనసూయమ్మ గొంతు.

"ఏం పర్వతాలూ, నీకు నాకు ఏం దుష్మనీ ఉన్నదయ్యా?"

"నమస్తేనమ్మా. ఏమైంది?"

"ఏమైందంటవా? మా ఇంట్ల నాలుగు పెట్టిపోతివి. వంటింట్లదైతే నెత్తిమీదనే ఉన్నది. ఇరవై ఏండ్ల సంది దాని కిందనే కూసొని కూరగాయలు కోస్తున్న!"

"ఏం పెట్టిన్నమ్మా?"

"రోగం! నువ్వే పాంప్లెట్ల ఏసుకున్నవ్ గదా, క్యాన్సర్ల రెగ్యులేటర్ పాత్ర అని. మల్ల ఇంటికొచ్చి బిగిస్తవట. ఎంత ధైర్యమయ్యా నీకు!"

పర్వతాలు స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

మధ్యాహ్నానికల్లా కాలనీ రెండు పక్షాలుగా చీలిందని తెలిసింది. ఒకటి ఫ్యాన్ పక్షం. రెండోది గ్యాస్ పక్షం. సిలిండరు మీద ఉండేదాన్ని కూడా రెగ్యులేటర్ అనే అంటాము కదా. పూర్వం శైవులూ వైష్ణవులూ ఒకే వేదవాక్యం పెట్టుకుని ఎంతదూరం కొట్టుకున్నారో చదివినప్పుడు నాకు అతిశయోక్తి అనిపించేది. ఇప్పుడు అనిపించదు. గ్యాస్ పక్షం వాళ్లు రెగ్యులేటర్లు పీకి బాల్కనీలో పెట్టి, రెండు పూటలు ఇడ్లీ బండి మీద బతికారు. శుక్రవారం సాయంత్రానికి ఆకలి వాళ్లను ఫ్యాన్ పక్షంలోకి మార్చింది. మతమార్పిడులకు ఇంతకంటే గట్టి కారణం నేను చరిత్రలో చూడలేదు.

ఫ్యాన్ రెగ్యులేటర్లు తీసే పని కాలనీ వాచ్‌మన్ బ్రహ్మచారి మీద పడింది. పేరు బ్రహ్మచారి గానీ నలుగురు పిల్లలు. టెస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, డబ్బా ఊడదీసి, రెండు తీగలు డైరెక్టుగా కలిపి టేపు చుట్టేశాడు. ఊడదీసినవన్నీ గోనెసంచిలో వేసి హాలు వెనక గదిలో పెట్టాడు. చివరికి హాల్లో ఉన్న ఎనిమిదింటినీ వదల్లేదు.

శుక్రవారం పర్వతాలు మోపెడ్ మీద వెళ్లాడు. వెనక సీటు మీద నేను. బ్రహ్మచారి గేటు తియ్యలేదు.

"జెర తియ్యి తమ్మీ. సెక్రెటరీ సార్‌తోని మాట్లాడాలె."

"వద్దన్నరు కాకా. ఆదివారం మీటింగ్ అయినంక, నువ్వు ఇగ కాలనీలకు రావాల్నా వద్దా అని అందరు చేతులెత్తి చెప్తరట."

"నేను తెల్వదారా నీకు? నీ గదిల ఫ్యాన్ ఎవరు పెట్టిండ్రు?"

"నువ్వే. గందుకే మా ఇంటామె నిన్న తీయించింది" అన్నాడు బ్రహ్మచారి, నేల చూస్తూ.

దేముడుబాబు గారికి అసలు తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. విప్పితే, సంఘం ఎన్నికల్లో ఎర్రపెన్ను ఆయన పేరు మీదే పడుతుంది. "కమిటీ తేలుస్తాది" అని అడిగినవాళ్లందరికీ ఒకే మాట చెప్పాడు. సుకన్య ఫోను బెంగుళూరులో ఎత్తడం లేదు. పర్వతాలు ఆ రెండు రోజులూ షాపులో ఒక్క స్క్రూ కూడా బిగించలేదు. "ముప్ఫై ఏండ్లు సార్. ఒక్కరికి షాక్ కొట్టలే. ఇప్పుడు క్యాన్సర్ అంటగట్టిండ్రు. చవితి చంద్రుణ్ణి సుత చూడలే నేను" అన్నాడు.

ఆదివారం పదిన్నరకు మళ్లీ గేటు దగ్గర నిలబడ్డాము. హాలు గేటు పక్కనే, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల జరిగేదంతా కళ్లకు కనపడుతుంది, చెవులకు వినపడుతుంది. సుకన్య రైలు దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచి అలాగే ఉంది. ముందు వరుసలో వాళ్లమ్మ శారదమ్మ, పక్కన అనసూయమ్మ. ఎండ అప్పటికే కాల్చేస్తోంది.

దేముడుబాబు గారు మైకు ముందుకు వచ్చి, "ముందు మన సుకన్యమ్మ మాటాడతాది, తరవాత పర్వతాలు సంగతి తేల్చీద్దాం. ఫ్యాన్లు ఎయ్యండి" అన్నాడు.

ఎనిమిది ఫ్యాన్లూ ఒకేసారి ఐదు మీద లేచాయి. ఐదు అనడం కూడా తప్పే, అంకెలు ఎక్కడున్నాయి గనక? సుకన్య చేతిలో కాగితాలు బాతుల గుంపులా లేచి వెనక వరుసలో దిగాయి. చీరకొంగులు జెండాలయ్యాయి. దేముడుబాబు గారి తలమీద ఎడమ చెవి నుంచి కుడి చెవికి దువ్వి పెట్టుకున్న నాలుగు వెంట్రుకలు నిట్టనిలువుగా నిలబడ్డాయి. మైకులో ఫ్యాన్ల హోరు తప్ప ఇంకేమీ లేదు. "ఆపండి, ఆపండి" అన్నారు. ఆపారు. అయిదు నిమిషాల్లో అందరికీ చెమటలు ధారకట్టాయి. "ఎయ్యండి" అన్నారు. మళ్లీ ప్రళయం.

"అంకుల్, బంద్ చెయ్యకండి. జెర స్పీడ్ తగ్గించండి" అని సుకన్య అరిచింది.

"తగ్గించడానికి లేదమ్మా" అన్నాడు దేముడుబాబు గారు, తల మీద చెయ్యి అదిమిపెట్టుకుని. "ఉంటే ఉంటాది, లేకపోతే లేదు."

"రెగ్యులేటర్లు ఏమైనయ్?"

ఎవరో ఫ్యాన్లు కట్టేశారు. అనసూయమ్మ లేచి, "నువ్వే వద్దన్నవ్ గదమ్మా" అని కరపత్రం చేతికిచ్చింది.

సుకన్య చదివింది. పైది చదివింది, కింద ప్రకటన చదివింది, మళ్లీ పైది చదివింది. నవ్వు ఆపుకోలేక మైకు స్టాండు పట్టుకుంది.

"అంకుల్, నా మిగిలిన మాటలేవి?"

"జాగా చాల్లేదమ్మా" అన్నాడాయన.

"జాగా మిగిలితే గదా కింద అడ్వర్టైజ్‌మెంట్ ఏసిండ్రు!" అన్నది అనసూయమ్మ. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరైంది.

సుకన్య కాగితాలు ఏరుకునే ప్రయత్నం మానేసి, గోడమీది స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"చూడండి. మన ఒంట్ల ప్రతి కణంల జీన్ల బోర్డు ఒకటే. కంట్లున్న కణానికి, కాలేయంలున్న కణానికి అవే స్విచ్‌లు. మరి కన్ను కన్నులెక్క, కాలేయం కాలేయంలెక్క ఎట్లుంటున్నయ్? ఎక్కడ ఏ జీన్ నడవాలె, ఏది ఊకుండాలె, ఏది ఎంత నడవాలె అని చెప్పేటి జీన్లు వేరే ఉన్నయ్. అవే రెగ్యులేటర్లు. జీన్‌లున్న అక్షరాలు మార్చవు. మీద చిన్న చిన్న గుర్తులు పెడతయ్, తీస్తయ్. ఇది చదువు, ఇది చదవకు అని. ఆ గుర్తులు పెట్టేటివే ఖరాబైతే, కణాన్ని పెరుగు పెరుగు అనే జీన్, గిప్పుడు ఈ ఫ్యాన్లు చూసిండ్రు గదా, గట్ల తిరుగుతది. ఆగు అని చెప్పేది బంద్ పడుతది. చానా రకాల క్యాన్సర్లల్ల ఇట్ల అయితున్నదని ఈ నడుమ బయటపడ్డది. రెగ్యులేటర్ ఉండుట్ల తప్పు లేదు. రెగ్యులేటర్ చెడిపోవుట్ల ఉన్నది తప్పు."

ఇవతల నుంచి పర్వతాలు గేటు ఊచలు పట్టుకుని, "మేడం!" అన్నాడు. అందరూ తిరిగారు. "మేడం, శానా మంది ఫ్యాన్ కాలిపోయిందనుకుంటరు. పోయి చూస్తే ఫ్యాన్ మంచిగనే ఉంటది, ఎవరో సున్నా మీద పెట్టి ఉంటరు. మీ దాంట్ల సుత అట్ల ఉంటదా?"

సుకన్య అతని వైపు రెండడుగులు వేసింది. "అచ్చం గట్లనే ఉంటది. మనల్ని కాపాడే జీన్ మంచిగనే ఉంటది, కానీ చెడిపోయిన రెగ్యులేటర్ దాని మీద గుర్తు పెట్టి బంద్ చేస్తది. గందుకే మాకు ఆశ. విరిగిపోయినదాన్ని అతికించుడు కష్టం, బంద్ అయినదాన్ని మల్ల తిప్పొచ్చు. ఆ గుర్తులు తీసే మందులు కొన్ని రక్తం జబ్బులకు వాడుతున్నరు. అన్నిటికి ఇంకా దొరకలే."

"అయితే బాగు చెయ్యొచ్చు అంటున్నరు."

"కొన్నిటికి. మిగిలినవాటికి వెతుకుతున్నం."

"మరి గ్యాస్‌ది?" అన్నది అనసూయమ్మ.

"అది కూడా కాదమ్మా."

"పాత్ర అన్నరు గదా. ఏ పాత్ర? స్టీలుదా, అల్మునియందా?"

సుకన్య కళ్లు మూసుకుని తెరిచింది. "వంటపాత్ర కాదు టీచరమ్మా. నాటకంల పాత్ర."

"అట్ల చెప్పాలె మరి. నేను పప్పు గిన్నె సుత పారేసిన."

ఈలోగా వేడికి పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. "తొందరగా తేల్చండి, ఆ పర్వతాలుని రానివ్వండి, ఫ్యాన్లు సరిచేస్తాడు" అని వెనకనుంచి నాలుగు గొంతులు. అనసూయమ్మ, "బ్రహ్మచారీ, గేటు తియ్యి!" అని కేక వేసింది. బ్రహ్మచారి తీశాడు.

పర్వతాలు కదల్లేదు.

"నేను రాను" అన్నాడు, గేటు బయటే నిలబడి. ముప్ఫై ఏళ్లలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి చూశాను. "అడగకుండ నా పేరు పాంప్లెట్‌ల ఏసిండ్రు. అడగకుండ గేటు ఏసిండ్రు. ఇప్పుడు చెమట పడుతున్నదని పిలుస్తున్నరు. ఆ మాటలు ఎవరు కొట్టేసిండ్రో మైకుల చెప్పాలె. అప్పుడు వస్త. లేకుంటే మీ ఫ్యాన్ల కింద మీరే ఎగరండి."

దేముడుబాబు గారు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తల తుడుచుకున్నాడు. రుమాలు పిండాడు. హాలు మొత్తం ఆయన్నే చూస్తోంది. చివరికి మైకు దగ్గరికి వచ్చాడు.

"నానే కొట్టీసేను" అన్నాడు. నలభై ఏళ్లుగా నగరంలో సగం దాచిపెట్టుకున్న యాస ఒక్కసారిగా పూర్తిగా బయటపడింది. "మూడు మాటలు కొట్టీసేను. ఆ పర్వతాలు పేరు కూడా మంచికే ఏసేను. గురువారమే తెలిసిపోనాది నాకు. చెప్పడానికి భయమేసీసింది. ఆయన తప్పు ఏటీ లేదు. రా పర్వతాలూ. నన్ను సెక్రెటరీగా ఉంచుతారో తీసీస్తారో తరవాత చూసుకుందురు గానీ, ముందు గాలి రానీండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. పర్వతాలు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఎందుకు విడిచాడో నాకు ఇప్పటికీ తెలియదు, అదేం గుడి కాదు.

గోనెసంచిలోంచి హాలువి ఏరి, అరగంటలో ఎనిమిదీ ఎక్కించాడు. మూడు మీద పెట్టాడు. గాలి మనుషులు భరించే గాలిగా మారింది. తరవాత గోనెసంచిలో మిగిలినవి బల్లమీద బోర్లించారు. కొత్త గొడవ మొదలైంది: అన్నీ నల్లడబ్బాలే, ఎవరిది ఏది? "ఇది మాది" అంటే "కాదు మాది" అని ఇద్దరు రిటైర్డ్ హెడ్‌మాస్టర్లు ఒకే డబ్బాను రెండు వైపులా పట్టుకున్నారు.

"ఆగండి సార్, ఆగండి" అన్నాడు పర్వతాలు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి పిలవడం మొదలుపెట్టాడు. "ఇది పన్నెండో నంబరు ఇంటిది. నాలుగు దాటనీయొద్దని అయ్యగారు సైకిల్ ట్యూబ్ ముక్క అతికించిండు. ఇది టీచరమ్మది, ఒకటి మీద గోళ్లరంగు. ఇది మేడమీద అద్దెకున్నోళ్లది, అంకెలన్నీ అరిగిపోయినయ్, రెండు మీదనే ఉంచుతరు." అక్షరం చదవకుండానే అందరి కాపురాలూ చదివేస్తున్నాడు. సుకన్య పక్కనే నిలబడి, నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంటోంది.

అన్నీ వెళ్లిపోయాయి. బల్లమీద ఒక్కటి మిగిలింది. మూడు దగ్గర చిన్న ఎర్రటి బొట్టుబిళ్ల అతికించి ఉంది. తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

"ఇది మీ ఇంటిదే మేడం" అన్నాడు పర్వతాలు నెమ్మదిగా.

"మా ఇంటిదా? కాదు. మా అమ్మ ఎందుకు తీయిస్తది? పదేండ్ల సంది అన్నం తినేటప్పుడు, పండుకునేటప్పుడు ఇదే చెప్తున్న గదా నేను" అని సుకన్య ముందు వరుస వైపు తిరిగింది. "అమ్మా?"

శారదమ్మ తలమీద మూడు మీద తిరుగుతున్న ఫ్యాన్ వైపు చాలా శ్రద్ధగా చూస్తోంది.

"అమ్మా, నువ్వు సుత తీయించినవా?"

"ఏం చెయ్యాలె బిడ్డా" అన్నది శారదమ్మ, చూపు దించకుండానే. "నువ్వైతే రోజు చెప్తవ్. ఇది పేపర్ల వచ్చింది."